ఓలౌడా ఎక్వియానో చరిత్రము: ఒక తామ్రచిత్రమును బట్టి

నిరాకారుడును నిరంజనుడును నగు పరమేశ్వరు నుపాసించువారికి పటములతో పనియేమని కొంద రడుగుచుందురు. పటమునకు ధూపదీపముల నర్పించుట వేరు; సత్పురుషుని ముఖమును జూచి యాతని జీవితమును దలచుకొనుట వేరు. మొదటిది మనకు త్యాజ్యము. రెండవదానికి మన ధర్మమున నిషేధము లేదు. కావున 1789వ సంవత్సరమున లండను నగరమున రాగిరేకుపై జెక్కి ముద్రింపబడిన యొక చిన్న చిత్రమును చదువరుల యెదుట నుంచి, అందలి పురుషుని చరిత్రమును జెప్పబూనుచున్నాము.

ఆ చిత్రమున నొక ఆఫ్రికాదేశీయుడు నడుమువరకు గానవచ్చును. ఆ కాలపు ఆంగ్లేయ గృహస్థులు తొడుగునట్టి కోటు, దానిలోపల మరియొక చిన్న కోటు, మెడచుట్టు తెల్లని గుడ్డ. చేతిలో తెరచిన బైబిలు గ్రంథము. చూపు గ్రంథముపై లేదు. చిత్రమును జూచువాని కన్నులలోనికే తిన్నగా ప్రసరించుచున్నది. ఆ చూపునందు కోపము లేదు, యాచనయు లేదు. చిత్రము క్రింద రెండు పేర్లున్నవి: ఓలౌడా ఎక్వియానో యని యొకటి, గస్టావస్ వాసా యని యొకటి. ఆ రెంటి తరువాత ఆఫ్రికావాడను మాట. మూలచిత్రమును రచించినవాడు విలియం డెంటను. దానిని రాగిరేకున కెక్కించినవాడు డేనియల్ ఓర్ము. ప్రకటనకర్త పేరుండవలసిన చోట ఏ పుస్తకవర్తకుని పేరును లేదు. చిత్రములోని పురుషుని పేరే యున్నది. తన ముఖమును లోకమునకు జూపించినవాడు తానే. ఈ చిన్న సంగతిని చదువరులు మనసున నుంచుకొందురుగాక.

ఇట్టి చిత్రములను జేయు విధమును రెండు మాటలలో జెప్పెదము. రాగిరేకునకు మైనము వంటి పూత పూసి, సన్నని సూదితో లెక్కకు మిక్కిలియైన చుక్కలు పొడుతురు. పిమ్మట ద్రావకము పోసినచో పూత తొలగిన చోటులందు లోహము తినబడి గుంటలేర్పడును. ఆ గుంటలలో సిరా నింపి, పైభాగమును తుడిచి, తడిపిన కాగితము పరచి యంత్రమున నొక్కినచో చిత్రము దిగును. చుక్కలు దట్టమైనచోట నీడ, పలుచనైనచోట వెలుగు. ముఖచ్ఛాయలను మృదువుగా జూపుటకు ఈ పద్ధతి మిక్కిలి యనుకూలమని యా కాలపు వారు దీనిని చాల మెచ్చుకొనిరి. మూలచిత్ర మొక యింటి గోడకే చెందును. రాగిరేకునుండి దిగిన ప్రతులు వందలకొలది యిండ్లకు బోవును. వాదమునకు గావలసిన దదియే.

ఎక్వియానో తాను వ్రాసికొన్న చరిత్రము ననుసరించి, 1745వ సంవత్సర ప్రాంతమున పశ్చిమాఫ్రికాలో, నేడు నైజీరియా యనబడు దేశమున, ఇగ్బోజాతివారి గ్రామ మొకదానియందు జన్మించెను. తండ్రి గ్రామపెద్దలలో నొకడు. ఓలౌడా యను పేరునకు అదృష్టవంతుడనియు, గట్టి కంఠమును చక్కని వాక్కును గలవాడనియు నర్థములని యాయన చెప్పుచున్నాడు. పదునొకండేండ్ల ప్రాయమున, పెద్దలు పొలములకు బోయిన వేళ, ఇద్దరు పురుషులును ఒక స్త్రీయు గోడ దూకి వచ్చి యీ బాలుని, వాని చెల్లెలిని నోళ్ళు మూసి యెత్తుకొనిపోయిరి. అన్నాచెల్లెండ్రను వేరుచేసి యమ్మిరి. నడుమ నొకమారు దైవవశమున వారిద్దరును గలిసికొని, ఒక రాత్రి చేతులు పట్టుకొని నిద్రించి, మరల వేరుచేయబడిరి. ఆ చెల్లెలు తరువాత నేమయ్యెనో యాయన కెన్నడును దెలియలేదు.

చేతులు మారి మారి సముద్రతీరము జేరిన బాలుని ఓడ నెక్కించిరి. ఓడ యడుగున మనుష్యులను క్రిక్కిరియ గూర్చిరి. ఆ దుర్గంధము, గొలుసుల రాపిడి, స్త్రీల యార్తనాదములు, మరణించువారి మూలుగులు: వీనిని గూర్చి యాయన వ్రాసిన పుటలు చదువుట కష్టము. అన్నము ముట్టనందుకు కొరడాదెబ్బలు పడెను. కొందరు సముద్రములోనికి దుమికిరి. దుమికి బ్రతికి దొరికినవారిని బానిసత్వమునకంటె మరణము మేలని తలచినందుకై మరల కొట్టిరి. బార్బడోసు ద్వీపమున నీ చిన్నవానిని కొనువారు లేకపోగా, అమెరికాలోని వర్జీనియాకు బంపిరి.

వర్జీనియాలో జరిగిన యొక సంగతిని గొంత విస్తరించి చెప్పవలెను. యజమానుడు జబ్బుపడి పండుకొనియుండగా వానికి విసరుటకై బాలుని లోనికి బిలిచిరి. పోవుచుండగా వంటయింట పనిచేయు నొక నల్లని స్త్రీ కనబడెను. ఆమె తలకును నోటికిని ఇనుప కళ్ళెము తగిలించియుండెను. తినుటకు గాని త్రాగుటకు గాని, మాటాడుటకు గాని వీలులేని బిగింపు. ఆ భీతితో గదిలోనికి బోయిన బాలునకు గోడ గడియారము కొట్టుకొను చప్పుడు వినవచ్చెను. తాను చేయు తప్పులను యజమానునితో నది చెప్పునేమో యని భయపడెను. అంతకంటె నెక్కువ భయము మరియొకదానివలన గలిగెను. గోడపై నొక మనుష్యుని పటము వ్రేలాడుచుండెను. ఎక్కడ నిలువబడినను ఆ కన్నులు తననే చూచుచున్నట్లు తోచెను. చనిపోయిన తమ పెద్దలను తెల్లవా రీవిధముగా నిలిపి యుంచుకొందురు కాబోలునని తలచెను. అట్టివాడు ముప్పదియేండ్లు దాటిన పిమ్మట తన పటమును తానే చెక్కించి, ఇతరుల యిండ్లకు బంపి, అందరి కన్నులలోనికిని జూచెను.

వర్జీనియాలో నాయనను జేకబు అనిరి. అంతకు ముందు ఓడలో మైకేలనిరి. తరువాత ఆంగ్ల నౌకాదళమున నుద్యోగియగు మైకేల్ హెన్రీ పాస్కల్ కొని, ఇంగ్లండునకు దీసికొనిపోవుచు, గస్టావస్ వాసా యని పేరుపెట్టెను. పరుల పాలననుండి స్వీడనుదేశమును విడిపించిన రాజు పేరది! బానిసకు స్వాతంత్ర్యవీరుని పేరు పెట్టుట పాస్కల్‌కు వినోదముగా దోచెను గాబోలు. తనకు జేకబను పేరే చాలునని బాలుడు మొరాయించి, ఆ పిలుపునకు పలుకనందుకు దెబ్బలు తిని, తుదకు లోబడెను. చిత్రము క్రింద రెండు పేర్లును నిలుచుటకు గారణ మిదియే. దెబ్బలచే వచ్చిన పేరుతో లోకవ్యవహారము నడిచెను. గ్రంథము వ్రాసిననాడు మాత్రము తల్లి పెట్టిన పేరును మొదట వ్రాసికొనెను.

ఆ ఓడలో రిచర్డు బేకరను నొక అమెరికా బాలుడు ఈయనకు మిత్రుడయ్యెను. కొన్నియేండ్లు పెద్దవాడు, తన యింట బానిసలు గలవాడు. ఐనను ఇద్దరును ఒక్కచోట పండుకొనిరి, తుపానులలో నొకరినొకరు కావలించుకొని ధైర్యము చెప్పికొనిరి. బేకరును పాస్కలును పుస్తకములు చదువుట జూచి, పుస్తకముతో వారు మాటాడుచున్నారని యీ బాలుడు భ్రమపడెను. ఎవ్వరును లేని వేళ పుస్తకమును దీసి తానును దానితో మాటాడి, బదులు వినుటకై చెవి యానించెను. అది పలుకలేదు. తనతో మాత్ర మేల పలుకదని దుఃఖించెను. చిత్రమున నాయన చేతనున్న గ్రంథమును జూచునప్పు డీ వృత్తాంతమును దలపకుండుట యసాధ్యము.

పాస్కల్‌తో నీయన ఆంగ్లేయులకును పరాసులకును జరిగిన సప్తవర్షయుద్ధమున పాల్గొనెను. 1758వ సంవత్సరమున లూయీబర్గు ముట్టడిలోను, 1759వ సంవత్సరమున లాగోసు నౌకాయుద్ధమునను, ఫిరంగులకు మందు మోయుచు ప్రాణముల నొడ్డెను. 1759 ఫిబ్రవరిలో వెస్టుమినిస్టరులోని సెంటు మార్గరెట్సు దేవాలయమున క్రైస్తవ బాప్తిస్మము పొందెను. చదువను వ్రాయను లెక్కలు వేయను నేర్చెను. యుద్ధము ముగిసినంతనే విముక్తి దొరకునని యాశించెను. 1762 డిసెంబరులో పాస్కల్ ఆకస్మికముగా నీయనను థేమ్సు నదిపై నిలిచియున్న యొక ఓడ కప్తానుకు అమ్మివేసెను. నేను బాప్తిస్మము పొందినవాడను, యుద్ధమున సేవచేసినవాడను, నన్నమ్ముట చట్టసమ్మతము గాదని యెంత వాదించినను వినలేదు. ఆరేండ్ల జీతమును, యుద్ధమున వచ్చిన భాగమును పాస్కలే మ్రింగెను. మతమొక్కటైనను, కలసి యొక్క ఓడలో గుండ్లవర్షము నెదుర్కొన్నను, ధనము ముందు నిలువలేదు.

వెస్టిండీసులోని మాంటుసెరాటు ద్వీపమున రాబర్టు కింగను వర్తకు డీయనను గొనెను. అతడు క్వేకరు మతస్థుడు. ఆ కాలపు బానిసయజమానులలో దయగలవాడే. లెక్కలు తెలిసినవాడగుటచే నీయనను గుమాస్తాగాను, ఓడలపై పనివానిగాను నియోగించెను. తాను పెట్టిన వెల 40 పౌనులు తెచ్చి యిచ్చినచో విడిచెదనని మాట యిచ్చెను. బానిస 40 పౌనులు గడించుట యెట్లు? ఈయనయొద్ద మూడు పెన్నీలు మాత్ర ముండెను. వానితో సెంటు యుస్టేషియసు ద్వీపమున నొక గాజు గ్లాసు కొని, మాంటుసెరాటులో రెట్టింపునకు అమ్మెను. మరునాటి ప్రయాణమున రెండు గ్లాసులు. తరువాత నాలుగు. పండ్లు, కోళ్ళు, పందులు. తెల్లవారు సరకు లాగికొని డబ్బీయకపోయినను న్యాయస్థానమున చెప్పుకొను హక్కు లేదు. తెల్లవానిపై నల్లవాని సాక్ష్యము చెల్లదు. జార్జియాలోని సవాన్నా పట్టణమున నొకడు కారణము లేకుండ చచ్చునట్లు కొట్టి, చెరసాలలో బడవేయించెను. ఇట్లు మూడేండ్లకు పైగా గడిచినవి.

1766 జూలైలో ఓడ కప్తాను థామసు ఫార్మరును వెంటబెట్టుకొని, ఒక యుదయమున కింగు యెదుట ధనముంచెను. యజమానుడు నివ్వెరపోయెను. ఇంత త్వరగా నింత ధనము గడింతువని తెలిసిన నా మాట యిచ్చియుండనని పలికెను. కప్తాను నడుమ బడి, ధర్మముగా గడించినాడని చెప్పి, మాట నిలుపుకొమ్మని వేడెను. కింగు నిలుపుకొనెను. విమోచనపత్రము వ్రాయించుటకై యుద్యోగి యింటికి బరుగెత్తిన యప్పటి యానందమును వర్ణించుటకు దనకు మాటలు చాలవని యాయన వ్రాసెను. ఆ పత్రమును మాత్రము తన గ్రంథమున పూర్తిగా నచ్చువేయించెను. ఒక మనుష్యుడు తనపై తనకు హక్కు గలదని నిరూపించుటకు కాగితము చూపవలసిన లోకము గదా! విముక్తి కొన్ని వారములు ముందుగనే, స్వతంత్రుడనైననాడు ధరించి నర్తింపవలెనని, ఎనిమిది పౌనులకు పైగా వెచ్చించి మేలైన దుస్తులు కుట్టించుకొనెను. మితవ్యయమును బోధించు మనవంటివారి కిది దుబారాగా దోచవచ్చును. కాని మూడు పెన్నీలతో మొదలుపెట్టినవానికి వస్త్రముల విలువ మనకంటె నెక్కువగా దెలియును. చిత్రమున నాయన ధరించిన మంచి కోటును మనము ఆ దృష్టితోనే చూడవలెను.

తరువాతి యేండ్లను శీఘ్రముగా దాటెదము. లండనులో కేశాలంకరణవృత్తి చేసెను, ఓడలపై మధ్యధరా సముద్రము తిరిగెను. 1773వ సంవత్సరమున కప్తాను ఫిప్సు నాయకత్వమున ఉత్తరధ్రువమువైపు బోయిన నౌకాయాత్రలో, సముద్రజలమును మంచినీటిగా మార్చు వైద్యుడు ఇర్వింగునకు సహాయుడుగా వెళ్ళి మంచుగడ్డలలో జిక్కి బ్రతికి వచ్చెను. 1774లో లండనుననే స్వతంత్రుడై వర్తించుచున్న జాన్ అనిసు అను నల్లవానిని పూర్వయజమానుడు బలాత్కారముగా నోడ నెక్కించగా, విడిపించుటకై న్యాయవాదులచుట్టు దిరిగి విఫలుడయ్యెను. ఆ యభాగ్యుడు ద్వీపమున హింసింపబడి మరణించెను. ఈ సందర్భముననే దాస్యనిర్మూలనోద్యమమునకు మూలపురుషులలో నొకడగు గ్రాన్‌విల్ షార్పు పరిచయమయ్యెను.

ఒక మచ్చను దాచుట చరిత్రకారుని ధర్మము గాదు. 1775వ సంవత్సరమున ఇర్వింగు మధ్య అమెరికాలోని మస్కీటో తీరమున తోట వేయదలచి పిలువగా, ఎక్వియానో వెంట వెళ్ళి, జమైకాలో బానిసలను గొనుటకు సహాయపడి, వారిపై నధికారిగా నుండెను. తన దేశస్థులనే యెన్నుకొని దయతో జూచెననుట నిజమే. ఐనను బానిసత్వపు రుచి యెరిగినవాడు బానిసలను గొనుటలో చేయి కలిపెను. ఈయన మరుసటి సంవత్సరము వెడలిపోగా, క్రొత్తగా వచ్చిన యధికారి క్రౌర్యమునకు దాళలేక వా రొక పడవలో బారిపోబోయి నీటమునిగిరి. ఈ సంగతిని మన కెరిగించినవాడు తానే. దయగల యజమానుడుండిన దాస్యము సహ్యమగునను భ్రమ అంతవర కాయనయందును గొంత మిగిలియుండెనని మేము తలచెదము. ఆచారమను వల యెంత సూక్ష్మమైనదో, దానిని తెంపబూనిన వారికే బాగుగా దెలియును.

1783 మార్చి 19వ తేదీన షార్పు తలుపు తట్టి ఎక్వియానో యొక దారుణవార్త చెప్పెను. అంతకు రెండేండ్లక్రితము, 1781లో, జాంగ్ అను ఓడనుండి సజీవులైన 130 మందికి పైగా ఆఫ్రికావారిని సముద్రమున బడద్రోసిరి. నీరు చాలలేదని కారణము చెప్పిరి. ఓడ యజమానులు పోయిన సరకునకై తలకు 30 పౌనుల చొప్పున భీమాసొమ్ము కోరిరి. న్యాయస్థానమున నది భీమావ్యాజ్యముగానే నడచెను, హత్యావిచారణగా గాదు. జూరీవారు యజమానుల పక్షముననే తీర్పు చెప్పిరి. ప్రధానన్యాయాధిపతి మాన్సుఫీల్డు పునర్విచారణ కాజ్ఞాపించెను. హత్యానేరమునకు మాత్ర మెవ్వరును శిక్షింపబడలేదు. ఐనను ఆనాడు ఎక్వియానో షార్పునకు జెప్పిన మాట కారణముగా నా వార్త మరుగుపడక, పలువురి మనస్సాక్షిని మేల్కొలిపెను.

1787 మే నెలలో లండనులో బానిసవ్యాపార నిర్మూలన సంఘ మేర్పడెను. పన్నిద్దరు సభ్యులలో తొమ్మండుగురు క్వేకరులు, అందరును సజ్జనులే. కాని వారిలో ఆఫ్రికావా డొక్కడును లేడు. ఆ యేటనే కుమ్మరపనిలో ప్రసిద్ధుడగు జోసయా వెడ్జ్‌వుడ్ యొక్క కర్మాగారమున సంఘమునకై చిన్న బిళ్ళలు తయారయ్యెను. వానిపై నొక నల్లని పురుషుడు గొలుసులతో మోకరిల్లి చేతులు జోడించి యుండెను. ఆ బిళ్ళలను ప్రభువుల స్త్రీలు కంకణములలోను, తలపిన్నులలోను పొదిగించుకొనిరి. 1788 చివర ప్లిమత్తు పట్టణమున బ్రూక్స్ అను బానిసయోడ పటము ముద్రింపబడెను. పెక్కండ్రు మనుష్యులు వరుసగా పేర్చిన కట్టెలవలె నందు గానవత్తురు. ఈ రెండు చిత్రములును మహోపకారము చేసినవనుటకు సందేహము లేదు. చూచినవారి హృదయములు ద్రవించినవి.

అయితే ఆ బిళ్ళపై మోకరిల్లినవానికి పేరు లేదు. ఓడపటములోని వారికి ముఖములే లేవు. దయ చూపువాడు నిలుచుండును, దయ పొందువాడు మోకరిల్లును. ఉభయులకును నడుమ నెత్తుపల్లములు మారవు. ఆ నెలలలోనే, 1789 మార్చి 1వ తేదీన, ఎక్వియానో తన చిత్రమును బ్రకటించెను. గొలుసులు లేవు, కన్నీరు లేదు. పేరున్నది, ముఖమున్నది, చేత గ్రంథమున్నది. నాకొరకు మీరు మాటాడుట మంచిదే, కాని నే నిచ్చటనే యున్నాను, నన్నడుగుడని యా చిత్రము చెప్పుచున్నట్లు మాకు దోచుచున్నది. వితంతువుల దుఃఖమును గూర్చియు, అస్పృశ్యుల యిక్కట్లను గూర్చియు సంస్కారులు వేదికలనుండి గావించిన యుపన్యాసములు కోకొల్లలు. ఆ వేదికపై వితంతువునకును అస్పృశ్యునకును ఎన్నిమార్లు పీటవేసిరని యడిగిన, సమాధానము చెప్పుటకు గొంత తడుముకొనవలసియుండును.

ఇట్లనుటకు ఎక్వియానో యనుభవమే మరియొక సాక్ష్యము. 1786 చివర లండనులోని దరిద్రులైన నల్లవారిని సియెర్రాలియోనునకు బంపు యత్నమున ప్రభుత్వమువా రీయనను సంబారముల యధికారిగా నియమించిరి. కొన్న సామగ్రిలో మోసము జరుగుచున్నదని యీయన కనిపెట్టి చెప్పెను. ఫలితముగా 1787 మార్చిలో నుద్యోగమునుండి తొలగించిరి. ఉపకారము పొందవలసినవాడు లెక్క యడిగిన, ఉపకారులకు గిట్టదు. తరువాత ప్రభుత్వమువారే 50 పౌనులు పరిహార మిచ్చిరి. 1788 మార్చిలో ఆఫ్రికావారి పక్షమున రాణి షార్లెట్టునకు విజ్ఞాపన మర్పించెను. ఆ సంవత్సరముననే పత్రికలో తెల్లవారును నల్లవారును బహిరంగముగా వివాహమాడుట మేలని వ్రాసెను.

మరుసటి యేట గ్రంథము వెలువడెను. రెండు సంపుటములు. ప్రచురణహక్కును పుస్తకవర్తకుల కమ్మక తనయొద్దనే యుంచుకొనెను. ముందుగా సగము వెల యిచ్చు చందాదారులను గూర్చెను. మొదటి ముద్రణమున 311 మంది పేర్లు, వేల్సు యువరాజు మొదలుగా, గ్రంథారంభమున నచ్చుపడెను. పుస్తకము తెరచినంతనే ముఖపత్రమున కెదురుగా నీ తామ్రచిత్రము. గ్రంథము వ్రాసినది యాఫ్రికావాడే యని శంకించువారు పెక్కండ్రుండిరి. కావున ముఖపత్రమునందే స్వయముగా వ్రాసినదని ప్రకటించి, ముఖమును జూపి, పిమ్మట కథ మొదలుపెట్టెను. స్త్రీల హక్కులకై పాటుపడిన మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్టు ఆ యేటనే దానిని విమర్శించెను. జాన్ వెస్లీ 1791లో తన యంత్యదినములలో దానిని జదివించుకొని, ఆ ప్రేరణతో పార్లమెంటు సభ్యుడగు విల్బరుఫోర్సునకు తన కడపటి జాబు వ్రాసెను. ఎక్వియానో ఊరూర దిరిగి తానే పుస్తకముల నమ్మెను. ఐర్లండులో ఎనిమిదిన్నర నెలలలో 1900 ప్రతు లమ్మితినని వ్రాసెను. 1794 నాటికి తొమ్మిది ముద్రణములయ్యెను. 1791లో న్యూయార్కున నచ్చయిన ప్రతికి అచ్చటి శిల్పి చిత్రమును మరల చెక్కెను. డచ్చి, జర్మను, రష్యను భాషలలోనికి గ్రంథము పరివర్తన మొందెను.

చిత్రములోని గ్రంథము తెరచియున్న పుట అపొస్తలుల కార్యములలో నాలుగవ యధ్యాయము. క్రీస్తునామమున దప్ప వేరొక నామమున రక్షణము లేదను భావముగల వాక్య మందు గలదు. ఈ సిద్ధాంతము మనకు సమ్మతము గాదు. సర్వజనపిత యైన పరమాత్ముని యొక్క నామమునకు బంధించుట మన ధర్మమునకు విరుద్ధము. అట్లని యీ భక్తుని విశ్వాసమును జులుకనగా జూచుట తగదు. వేరొక సంగతియు నున్నది: పుస్తకము చూచువానివైపు త్రిప్పబడియున్నది. క్రైస్తవులమని చెప్పుకొనుచు మనుష్యుల నమ్ముకొను జాతికి, వారి గ్రంథమునే వారి యెదుట తెరచి పట్టినవాడు నిజముగా నెవరికి బోధించుచున్నాడో యోచింపవలెను. ఒకప్పుడు తనతో పలుకని పుస్తకమును దాను పట్టుకొని, అది మీతో నేమి పలుకుచున్నదని యిప్పు డితరుల నడుగుచున్నాడు.

1792లో రెండు లండను పత్రికలు ఈయన ఆఫ్రికాలో బుట్టలేదనియు, వెస్టిండీసులోని సాంటాక్రూజు ద్వీపమున జన్మించెననియు వ్రాసినవి. బానిసవ్యాపారుల పక్షమువారి యెత్తుగడ యిది. బాల్యమునుండి తన్నెరిగినవారి సాక్ష్యములను తరువాతి ముద్రణములలో జేర్చి యీయన బదులు చెప్పెను. 1999లో విన్సెంటు కారెట్టా యను పండితుడు బాప్తిస్మపు పట్టీలో జన్మస్థానము కరోలినా యని వ్రాసియుండుటను, 1773 నాటి ఓడపట్టీలోను అమెరికాయే పేర్కొనబడుటను వెల్లడిచేసెను. దానిపై పండితులలో వాదము నడచుచునే యున్నది. బాప్తిస్మమునాడు పరభాషలో పరులు వ్రాసిన మాటను నమ్మవలెనా, తానే వ్రాసిన మాటను నమ్మవలెనా యని యొక పక్షము; పరుల యనుభవమును తనదిగా జెప్పి జాతియంతటికిని వాక్కయ్యెనని మరియొక పక్షము. దెబ్బలును, విమోచనపత్రమును మాత్ర మెవ్వరును కాదనలేదు. ఆనాటి ఓడలలో నెక్కినవారిలో మిక్కిలి పెక్కండ్రు తమ కథను వ్రాయుటకు నోచుకొనలేదు. వ్రాసినవా డొక్కనికి ఇంత పరీక్ష!

1792 ఏప్రిల్ 7వ తేదీన కేంబ్రిడ్జిమండలమున సోహమను నూర సుసానా కలెన్ అను ఆంగ్లయువతిని ఎక్వియానో వివాహమాడెను. వివాహశాసనమునకై బ్రాహ్మసమాజీయులు 1872వ సంవత్సరమువరకు బడిన శ్రమ నెరిగినవారికి, ఎనుబదియేండ్ల ముందు నడచిన యీ వివాహపు ధైర్యము బోధపడగలదు. దంపతుల కిద్దరు కుమార్తెలు, అన్నా మరియా, జొఆన్నా. సుసానా 1796 ఫిబ్రవరిలో మరణించెను. ఎక్వియానో 1797 మార్చి 31వ తేదీన లండనులో దేహము చాలించెను. నాలుగేండ్లైన నిండని అన్నా మరియాయు ఆ వేసవిలోనే తండ్రిని వెంబడించెను.

బానిసవ్యాపారమును నిషేధించు చట్టము 1807వ సంవత్సరమునగాని రాలేదు. దాస్యనిర్మూలన చట్టమునకు 1833 ఆగస్టు 28వ తేదీన రాజామోదము లభించెను. అప్పుడు మన రాజా రామమోహన రాయలవా రింగ్లండుననే యుండిరి. నెల గడచినంతనే, సెప్టెంబరు 27వ తేదీన, పూర్వము బానిసవ్యాపారమునకు బేరుగాంచిన బ్రిస్టలు రేవు సమీపమున కాలధర్మము నొందిరి. ఆ చట్టము బానిసల యజమానులకు రెండుకోట్ల పౌనులు పరిహారముగా నిచ్చెను. బానిసల కేమియు నీయలేదు. తూర్పుఇండియా కంపెనీవారి రాజ్యమును దానినుండి మినహాయించిరి. ఇచ్చటి దాస్యమును న్యాయస్థానములు గుర్తింపరాదను శాసనము 1843లో వచ్చెను. ఆఫ్రికా బానిసలు విడుదలైన చెరకుతోటలకు కూలీలు కావలసివచ్చినప్పుడు, ఒడంబడికపై మారిషసునకు బోయిన ఓడలలో గోదావరి ముఖమునందలి కోరంగి రేవునుండి బయలుదేరిన తెలుగువారును గలరు. వారి కథను వ్రాసిన ఎక్వియానో వారిలో బుట్టలేదు.

ఎక్సెటరు నగరపు చిత్రశాలలోని యొక అజ్ఞాత ఆఫ్రికా పురుషుని తైలవర్ణచిత్రమును ఇరువదవ శతాబ్దమున ఎక్వియానోదే యనుకొని, ఆయన గ్రంథపు ముద్రణములపై పెక్కుమారు లచ్చువేసిరి. అందమైన చిత్రము, కాని ఆయనది కాదని విమర్శకులు తరువాత నిశ్చయించిరి. కావున ఆయన ముఖము మనకు నిస్సంశయముగా దెలియునది ఈ చుక్కల తామ్రచిత్రము వలననే. మిగిలిన కుమార్తె జొఆన్నా 1816వ సంవత్సరమున, ఇరువదియొకటవ యేట, తండ్రి యామెకై విడిచిపోయిన ధనము 950 పౌనులు పుచ్చుకొనెను. తరువాత హెన్రీ బ్రామ్లీ యను క్రైస్తవబోధకుని వివాహమాడి, 1857వ సంవత్సరమున మరణించెను. లండనులోని ఆబ్నీపార్కు శ్మశానవాటికలో నామె సమాధి గలదు.